కుందేలు మాట్లాడితే నమ్ముతాను

జపాన్‌లో రకురో అని ఒక హైస్కూలు కుర్రాడున్నాడు. కథలో కుర్రాడే లెండి. లోకమంతా మంచి ఆటల కోసం వెతుక్కుంటుంటే వాడు చెత్త ఆటల కోసం గాలిస్తుంటాడు. తలుపు తీస్తే గోడలో ఇరుక్కునేవి, గెలిచినవాణ్ణి ఓడినట్టు లెక్కగట్టేవి, కథానాయిక నోరు తెరిస్తే చెంప పగలగొట్టాలనిపించేవి, అలాంటివంటే వాడికి పరమాన్నం. అటువంటి ఘోరాన్నొకదాన్ని చివరిదాకా ఆడి, నీరసపడి, నోటి రుచి మారుతుందని ఒక మంచి ఆట కొనుక్కున్నాడు. దాని పేరు షాంగ్రిలా ఫ్రాంటియర్. మూడు కోట్ల మంది ఆడే ఆట. హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, ఒళ్లు మంచం మీదుంటుంది, మనిషి అడవిలో ఉంటాడు. గాలి తగులుతుంది. తిండి రుచి తెలుస్తుంది. కత్తి బరువు చేతికి ఆనుతుంది.

అంత అడవిలోకి దిగబోతూ మనవాడు చేసిన మొదటి ఘనకార్యం, ఆరంభంలో ఇచ్చిన కవచాన్ని అమ్మి డబ్బు చేసుకోవడం. తలకు పక్షి ముసుగు, కింద నిక్కరు, రెండు చేతుల్లో రెండు కత్తులు. ఆటలో పేరు సన్‌రాకు. ఆటల్లో ఆరితేరినవాడంటే వాడు. కొత్తగా వచ్చినవాడు బట్టలు చూసుకుంటాడు, ముదిరినవాడు దెబ్బ తగలకపోతే బట్టలెందుకు అంటాడు. అదే రాత్రి ఒక పెద్ద నల్ల తోడేలు ఎదురుపడి వాణ్ణి చితక్కొట్టి, ఒంటి మీదా కాళ్ల మీదా శాపపు గుర్తులు వేసి పోయింది. ఆ గుర్తులున్నచోట ఇక ఏ కవచమూ నిలవదు. కక్కుర్తిపడి అమ్ముకున్నవాడికి ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కునే యోగం కూడా పోయింది. మా వీధిలో పొలం అమ్ముకున్నవాళ్లకు చెప్పాల్సిన కథ.

కతరీనా అనే కలం పేరుతో 2017లో నెట్‌లో సీరియల్‌గా మొదలై, 2020లో బొమ్మల కథగా వారపత్రికకెక్కి, 2023 అక్టోబరులో టీవీకెక్కింది ఇది. బాగుంటుంది. అందులో అనుమానం లేదు. ఇందులో ఉన్న వింతలన్నిటినీ పొల్లు పోకుండా నమ్మడానికి కూడా నాకు అభ్యంతరం లేదు. మెదడుతో మాట్లాడే యంత్రమా, సరే. తోడేలు శాపం పెట్టిందా, పెట్టనివ్వండి. ఎముల్ అని ఒక కుందేలు పిల్ల ఉంది, చక్కగా తయారై వచ్చి మనిషిలా మాట్లాడుతుంది, మంత్రాలు వేస్తుంది, సన్‌రాకు భుజాన కూర్చుని సలహాలిస్తుంది. కుందేలు మాట్లాడితే నమ్ముతాను. పంచతంత్రం చదివి పెరిగినవాళ్లం, నోరున్న జంతువులు మనకు కొత్త కాదు.

నమ్మలేనిది ఆ ఆట తయారుచేసిన కంపెనీని.

చూడండి మరి. మూడు కోట్ల మంది ఒకే లోకంలో తిరుగుతుంటే సర్వరు కూలదు. ఆదివారం సాయంత్రం కూడా కూలదు. ఏడుగురు మహాబలులైన రాక్షసులు ఎక్కడెక్కడో దాక్కుని ఉంటారు, ఇన్ని కోట్ల మందిలో వాళ్లను గెలిచినవాడు ఒక్కడూ ఉండడు. అయినా కంపెనీ మార్కెటింగ్ విభాగంలో ఒక్క బుద్ధిమంతుడికి కూడా ‘తోడేలు సంహారం ప్యాక్, పండగ ఆఫరు 499 మాత్రమే’ అనే ఆలోచన రాలేదు. సన్‌రాకు కత్తి దూసే ముందు ముప్పై సెకన్ల ప్రకటన చూడనక్కరలేదు. చచ్చి మళ్లీ పుట్టడానికి వజ్రాలు కొననక్కరలేదు. ‘మీ శక్తి అయిపోయింది, నాలుగు గంటలాగి రండి లేదా చెల్లించండి’ అని ఆకాశంలో అక్షరాలు కనబడవు. అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే, ఆ కుందేలు ఇన్ని సాయాలు చేసి, వెళ్లిపోయేటప్పుడు ‘నా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలివ్వండి’ అని ఒక్కసారి కూడా అడగదు. ఇంత కల్పన చేయగలిగిన రచయితకు నోబెల్ ఇవ్వాలి, సాహిత్యానికి కాదు, శాంతికి.

ఈ కల ఎక్కడ పుట్టిందో గుర్తుంచుకోవాలి. పైసా పైసా పిండే విద్యను పట్టాలెక్కించిన దేశంలో పుట్టింది. జపాన్‌లో దుకాణాల ముందు బొమ్మల డబ్బాలుంటాయి. నాణెం వేసి మర తిప్పితే ఒక గుండ్రటి డొల్ల పడుతుంది, లోపల ఏ బొమ్మ ఉందో విప్పితేగాని తెలియదు. దాన్ని గాచా అంటారు. పిల్లలు మురిసిపోయే ఆ మరను ఫోన్ ఆటల్లోకి తెచ్చి పెద్దవాళ్ల జీతాలకు గురిపెట్టారు. మామూలు గాచా చాలదని మరో ఎత్తు వేశారు: పది బొమ్మలు పూర్తిగా కూడబెడితే పదకొండోది అపురూపమైనది ఇస్తామన్నారు. తొమ్మిది దాకా సులువుగా వస్తాయి, పదోది రాదు. ఎంతకీ రాదు. జనం ఎంత పోగొట్టుకున్నారంటే 2012 మేలో ఆ దేశపు వినియోగదారుల సంస్థ జోక్యం చేసుకుని ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చాల్సి వచ్చింది. ఆ ఒక్క ఎత్తు ఆగింది, మర ఆగలేదు. బెల్జియం వాళ్లు 2018లో అలాంటి పెట్టెలు జూదమేనన్నారు. మిగతా ప్రపంచం ఇంకా నాణేలు వేస్తూనే ఉంది.

కాబట్టి ఆ కుర్రకారు అంతా రాత్రి పడుకుని ఏ కలగంటారు? ఎగిరే గుర్రం గురించి కాదు. చేసిన కష్టానికి సరిగ్గా అంత ఫలం ఇచ్చే లోకం గురించి. సన్‌రాకు వెయ్యిసార్లు తప్పుకుంటే వెయ్యిసార్లూ దెబ్బ తప్పుతుంది. వాడు రాక్షసుడి కదలికలు చదివి గెలిస్తే గెలుపు వాడిదే, పక్కింటివాడి క్రెడిట్ కార్డుది కాదు. ఇది కంప్యూటర్ విజ్ఞానం కాదు బాబూ, రామరాజ్యం. దానికి హెల్మెట్ పెట్టారంతే.

ఈ వంశంలో పెద్ద పేరు సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్. రెకి కవహరా రాసిన నవల, 2009లో అచ్చయింది, 2012లో టీవీకొచ్చింది. 2022 నవంబరు 6న ఒక ఆట విడుదలవుతుంది, పదివేల మంది హెడ్‌సెట్లు పెట్టుకుని లోపలికి పోతారు, తీరా చూస్తే బయటకొచ్చే బటన్ ఉండదు. ఆటలో చస్తే హెడ్‌సెట్ సూక్ష్మ తరంగాలతో మెదడును ఉడికించేస్తుంది. వంద అంతస్తుల కోట గెలిస్తేగాని విడుదల లేదు. బటన్ మాయం చేసినవాణ్ణి కథ మహా దుర్మార్గుడిగా నిలబెట్టింది. ప్రపంచమంతా గుండెలు బాదుకుంది.

అయ్యా, బయటకు పోయే బటన్ దాచేయడం దుర్మార్గం అంటే మన ఫోన్లలో ఉన్నవాళ్లంతా ఎవరు? నెలవారీ చందా కట్టించుకునే ఏ సేవలోనైనా చేరడానికి ఒక వేలు చాలు, మానుకోవడానికి మాత్రం పురాణం వినాలి. అమెరికాలో అమెజాన్ ప్రైమ్ చందా రద్దు చేసుకునే దారికి కంపెనీ లోపలివాళ్లు ‘ఇలియడ్’ అని పేరు పెట్టుకున్నారని ఆ దేశపు వ్యాపార నియంత్రణ సంస్థ 2023లో వేసిన దావాలో రాసింది. అంత పొడుగు కావ్యమన్నమాట. పేరు పెట్టినవాడికి చదువుందని ఒప్పుకోవాలి. 2025లో ఆ కేసు 250 కోట్ల డాలర్లకు రాజీ అయింది. మన దేశంలో కూడా 2023 నవంబరులో ఇలాంటి 13 రకాల మాయలను పేరుపేరునా నిషేధిస్తూ మార్గదర్శకాలిచ్చారు, చందా ఉచ్చు అందులో ఒకటి. జపాన్ విలనుకు మెదడు ఉడికించాల్సిన అవసరమేమొచ్చిందో నాకు అర్థం కాదు. నెలకు 299 చొప్పున కోసుకుంటూ పోతే ఆ పదివేల మంది వాళ్లంతట వాళ్లే లోపలుండేవారు, పైగా పిల్లల్ని కూడా చేర్పించేవారు.

లోపలుండిపోవడం ఒక భయమైతే, లోకాన్నే మూసేయడం ఇంకొకటి. దాని గురించి ఈ కథలు పెద్దగా మాట్లాడవు. ది క్రూ అని కార్ల ఆట ఒకటుండేది. డబ్బిచ్చి కొన్నవాళ్లంతా 2024 మార్చి ఆఖరున చూస్తుండగా యుబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరలేదు, ఆట నడవడానికి వాళ్ల సర్వర్లే దిక్కు. ‘మీరు కొన్నది ఆటను కాదు, ఆడుకోవడానికి అనుమతిని’ అనేది ఈ వ్యాపారపు మూలమంత్రం. ఐరోపాలో ఆటగాళ్లు సంతకాల ఉద్యమం మొదలెడితే 2025 జూలైకల్లా పది లక్షలు దాటాయి. ఇప్పుడు సన్‌రాకును ఊహించుకోండి. ప్రాణాలకు తెగించి ఏడుగురిలో ఒక రాక్షసుణ్ణి గెలిచాడు. మర్నాడు పొద్దున్నే ఒక ఈమెయిలు: ‘ప్రియమైన వినియోగదారుడా, వ్యాపార ప్రాథమ్యాలు మారినందున ఈ నెలాఖరుకు మీ స్వర్గాన్ని మూసివేస్తున్నాం. మీ కుందేలుకు మా కృతజ్ఞతలు.’

అయితే ఆ కథలో ఒక మాట మాత్రం ముమ్మాటికీ నిజం. చెత్త ఆటలే మనిషిని తీర్చిదిద్దుతాయి. జపాన్‌లో 1986లో తకేషీ ఛాలెంజ్ అని ఒక ఆట వచ్చింది. తకేషీ కిటానో అనే హాస్యనటుడు, తర్వాత సినిమా దర్శకుడిగా ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడే, ఆయన బుర్రలో పుట్టింది. అందులో నిధి పటం దొరుకుతుంది, కానీ దాని మీద ఏమీ కనబడదు. కనబడేలా చేసే ఒక దారి, కంట్రోలరు ముట్టుకోకుండా గంటసేపు ఊరుకోవడం. ఇంకోచోట మైకు పట్టుకుని పాట పాడాలి. ఇదంతా ఓర్చుకుని చివరిదాకా పోతే, ఇలాంటి ఆటను ఇంత పట్టుదలగా ఆడతావేమిటని తకేషీ బొమ్మే వెక్కిరిస్తుంది. అమెరికా వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 1982లో ఈటీ సినిమా మీద ఒక ఆట. దాదాపు ఐదు వారాల్లో వండేశారు. అమ్ముడుపోని క్యాసెట్లను మరుసటేడు న్యూమెక్సికోలో ఒక చెత్తకుప్పలో పాతిపెట్టారు. జనం అది కట్టుకథనుకుంటుంటే 2014లో తవ్వి బయటికి తీశారు. తవ్వకాల్లో శిలాశాసనాలు దొరకడం చూశాం, చేతగానితనం దొరకడం అదే మొదలు.

ఇలాంటి వాటి మీద చెయ్యి తిరిగినవాడికి మంచి ఆట నల్లేరు మీద బండి. రాక్షసుడు ఎటు తిరిగితే ఎక్కడ సందు దొరుకుతుందో వాడు చూడనక్కరలేదు, వాసన పట్టేస్తాడు. అలాంటి విద్య ఇంకెవరికి ఉంటుందా అని ఆలోచిస్తే నాకు మన పిల్లలే కనిపించారు. పొద్దున పదిగంటలకు తత్కాల్ కిటికీ తెరుచుకునే క్షణం కోసం తొమ్మిది యాభై ఎనిమిదికి వేలు గాల్లో పెట్టుకుని కూర్చునే కుర్రాణ్ణి చూడండి. వంకర అక్షరాలు ఒక్క చూపులో చదివేస్తాడు. ఓటీపీ రాకముందే దాని రాకను పసిగడతాడు. చక్రం తిరుగుతుంటే పేజీని కదపకూడదని వాడికి ఎవరూ నేర్పలేదు. డబ్బు పోయి టికెట్టు రాకపోతే ఏడవడు, రెండో ఫోను తీస్తాడు. ఇంజనీరింగ్ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టిన పిల్లను అడగండి. రాత్రి పన్నెండింటికి సైటు ఎందుకు చురుగ్గా ఉంటుందో, ఏ బ్రౌజరులో బటన్ పనిచేస్తుందో, సేవ్ నొక్కాక కూడా ఎందుకు ఫోటో తీసి పెట్టుకోవాలో ఆమె సిద్ధాంతగ్రంథం రాసిస్తుంది. అంత పిల్లను షాంగ్రిలాలోకి వదిలితే నల్ల తోడేలు పిల్లిలా పక్కకు తప్పుకుంటుంది. రకురో పాపం సరదా కొద్దీ చెత్తను ఆడాడు. మనవాళ్లకు అది ఆధార్ నంబరుతో సహా వచ్చింది.

సరే, ఇంత ఆరితేరినవాణ్ణి తీసుకెళ్లి, ఇప్పుడు దుకాణంలో దొరికే అసలు సిసలు వీఆర్‌లో కూర్చోబెడదాం. మొదటి మజిలీ మాల్‌లో మూడో అంతస్తు. మెరిసే లైట్ల కుర్చీ ఉంటుంది. పైన ‘9డి’ అని రాసుంటుంది. పక్క మాల్‌వాడు తగ్గుతాడా, ‘12డి’ అని రాస్తాడు. ఐన్‌స్టీన్ నాలుగు దగ్గరే ఆగిపోయాడు, మనవాళ్లు ఎస్కలేటర్ పక్కనే పన్నెండు సాధించారు. ఈ డిలు ఏమిటని లెక్కపెడితే పొడుగు, వెడల్పు, లోతు మూడు. కుర్చీ ఊగడం ఒకటి. ముఖం మీద గాలి ఊదడం ఒకటి. వీపులో గుచ్చడం ఒకటి. ఇక హెడ్‌సెట్ స్పాంజిలో మనకంటే ముందు ఎక్కిన పన్నెండుమంది చెమట ఉంది చూశారూ, స్పర్శ, వాసన, తడి, అలా మిగతావన్నీ అక్కడే భర్తీ అవుతాయి. పంచేంద్రియాలతో లీనమవడమంటే ఇదేనేమో.

ఇంట్లో పెట్టుకుందామా అంటే జాగా కావాలి. నిలబడి తిరుగుతూ ఆడాలంటే ఆరున్నర అడుగుల పొడవూ అంతే వెడల్పూ ఖాళీగా ఉంచుకోమంటారు. అమీర్‌పేట హాస్టల్లో మూడు మంచాల గదిలో అంత ఖాళీ ఒక మనిషి ఊరెళ్లినా దొరకదు. దొరికిందే అనుకోండి, పైన సీలింగ్ ఫ్యానుంది. మన ఊళ్లలో గది మధ్యన ఇనుప రెక్కలు తిరుగుతుంటాయని ఈ యంత్రాల నమూనాలు వేసేవాళ్లకు తెలియదు. మనవాడు రాక్షసుడి నెత్తిన కత్తి దించుదామని చెయ్యెత్తాడంటే మొదటి గాయం రాక్షసుడిది కాదు. మయసభలో దుర్యోధనుడు పడ్డది నీళ్లలో, అదృష్టవంతుడు.

ఫ్యాను ఆపి ఆడాడే అనుకుందాం. పరుగెత్తుతున్నావని కళ్లు చెబుతాయి, కదలకుండా ఉన్నావని చెవిలోపలి నీరు చెబుతుంది. రెండు సాక్ష్యాలకూ పొంతన కుదరకపోతే, వీడేదో విషం మింగాడని మెదడు అనుమానిస్తుందని ఒక వాదన ఉంది. అనుమానం తీర్చుకోవడానికి మెదడుకు తెలిసిన మందు ఒక్కటే, కక్కించడం. ఇరవై ఏళ్లు బొటనవేళ్లతో సామ్రాజ్యాలు గెలిచిన వీరుడు కూడా బకెట్టు ముందు కూర్చోవాల్సిందే. ఇక్కడ నైపుణ్యం పనికిరాదు. చెవిలో నీటికి నీ ర్యాంకుతో పనిలేదు.

ఈ విద్యకు పాత చరిత్రే ఉంది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన తలపాగా ఎంత బరువంటే ఇంటికప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. 1995లో నింటెండో వర్చువల్ బాయ్ తెచ్చింది, లోపల ప్రపంచమంతా ఎరుపే, ఏడాది తిరక్కుండా దుకాణం కట్టేసింది. తర్వాత కాలిఫోర్నియాలో పామర్ లకీ అనే కుర్రాడు హెడ్‌సెట్ చేస్తానని 2012లో జనాన్ని రెండున్నర లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలొచ్చాయి. రెండేళ్లకు ఫేస్‌బుక్ వాళ్లు దాన్ని 200 కోట్ల డాలర్లకు కొనేశారు. చందాలిచ్చినవాళ్లకు ఒళ్లు మండింది. మండనీయండి, వాళ్లిచ్చింది ఆటకనుకున్నారు, కొన్నవాడికి వాళ్ల కళ్లెటు తిరుగుతున్నాయో కావాలి. 2020లో వచ్చిన హెడ్‌సెట్ పెట్టుకోవాలంటే ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి అన్నారు, రెండేళ్ల తర్వాత గొడవ భరించలేక సడలించారు. పక్షి ముసుగు వేసుకుని అడవికి పోదామనుకున్నవాణ్ణి గుమ్మం దగ్గర ఆపి, పెళ్లి ఫోటోలూ మేనత్త కామెంట్లూ ఉన్న పేరుతో రమ్మన్నారన్నమాట.

2021లో ఫేస్‌బుక్ కంపెనీ పేరే మెటా అని మార్చుకుని, ఇకపై మానవజాతి కాపురం హెడ్‌సెట్ లోపలి లోకంలోనేనన్నారు. మరుసటేడు ఆగస్టులో కంపెనీ అధిపతి జుకర్‌బర్గ్ ఆ లోకంలోని తన బొమ్మను ఈఫిల్ టవర్ ముందు నిలబెట్టి ఫోటో పెట్టాడు. నిలబెట్టి అనడం తప్పు, అప్పట్లో ఆ లోకంలో బొమ్మలకు నడుం కిందేమీ ఉండేది కాదు, గాల్లో తేలాల్సిందే. ప్రపంచం నవ్వింది. అక్టోబరులో ‘కాళ్లొస్తున్నాయి’ అని ఆర్భాటంగా ఒక వీడియో చూపించారు. ఆ వీడియోలో గెంతిన కాళ్లు హెడ్‌సెట్ సృష్టించినవి కావని, వేరే సాంకేతికతతో ముందే తీసిపెట్టుకున్నవని తర్వాత తేలింది. 2020 నుంచి 2024 దాకా ఐదేళ్లలో ఈ విభాగం మూటగట్టుకున్న నష్టం ఆరు వేల కోట్ల డాలర్లకు పైమాటే. సన్‌రాకుకు తోడేలు శాపం వల్ల బట్టల్లేవు. ఇంత డబ్బు తగలేసిన కుబేరుడి బొమ్మకు ఆ రోజున కాళ్లే లేవు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఎవరికి శాపం తగిలిందో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

యాపిల్ వాడు 2024 ఫిబ్రవరిలో తన కళ్లజోడు తెచ్చాడు. 3,499 డాలర్లు. బ్యాటరీ తీగతో జేబులో వేలాడేది, రెండు గంటలు పనిచేసేది. అర కిలోకు పైగా బరువు ముక్కు మీద. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు, కొన్నవాళ్లే చెప్పుకోవడం మానేశారు.

మరి పడుకుని లోకాంతరానికి పోయే అసలు యంత్రం? 2016 మార్చిలో ఐబీఎం వాళ్లు టోక్యోలో సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ పేరు మీద ఒక ప్రయోగం పెట్టి 208 మందిని ఎంపిక చేసి ఆడించారు. అందరూ బతికే బయటకొచ్చారు, మెదళ్లు ఉడకలేదు. నిజంగా అలాంటిది కావాలంటే మెదడు నుంచి ఒంటికి పోయే ఆజ్ఞల్ని మధ్యలో అడ్డగించాలి, లేకపోతే కలలో కత్తి తిప్పినవాడు మంచం మీంచి కిందపడతాడు. చూపు, వినికిడి, రుచి, స్పర్శ అన్నీ నేరుగా లోపల రాయాలి. 2024 జనవరిలో న్యూరాలింక్ అనే కంపెనీ వాళ్లు ఒక మనిషి తలలో మొదటిసారి చిప్ పెట్టారు. మెడ కింద చచ్చుబడిన ఆ మనిషి ఆలోచనతోనే చదరంగం ఆడాడు. అది దండం పెట్టదగిన సంగతి, అందులో వెక్కిరించడానికేమీ లేదు. ఆ చిప్‌లో 1,024 ఎలక్ట్రోడ్లున్నాయి, మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. చదరంగం పావు కదపాలన్న కోరికను చదవడం వేరు, నాలుక మీద లేని పులిహోర రుచి పుట్టించడం వేరు. అయినా మదుపుదారుల సభల్లో లోకాంతర యాత్రకు అప్పుడే ముహూర్తాలు పెడుతున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ మొత్తం వ్యవహారంలో కథను అక్షరాలా గుండెకు హత్తుకున్నవాడు ఒక్కడే. హెడ్‌సెట్ అమ్ముకున్న ఆ పామర్ లకీయే. ఫేస్‌బుక్ నుంచి 2017లో బయటకొచ్చి, ఆ ఏడే ఆండురిల్ అని ఆయుధాల కంపెనీ పెట్టుకున్నాడు. నవలలో ఆట విడుదలైన తారీఖు 2022 నవంబరు 6 నిజంగా వచ్చిన రోజున, ఆయన తన బ్లాగులో ఒక హెడ్‌సెట్ గురించి రాశాడు. నుదుటికి పైన మూడు పేలుడు మందు గుళికలు అమర్చాడు. తెర మీద ఓటమి ఎరుపు ఒక లెక్క ప్రకారం మిణుకుమిణుకుమంటే అవి పేలిపోతాయి, పెట్టుకున్నవాడు అక్కడికక్కడే పోతాడు. తనకు ఇంకా దాన్ని పెట్టుకునే ధైర్యం రాలేదని, ప్రస్తుతానికి ఆఫీసులో అలంకారంగా ఉంచానని కూడా రాసుకున్నాడు. నవల ఎంత ముదిరినా కాపీరైటు పేజీలో ‘ఇది కల్పితం’ అని రాసి ఉంటుంది. ఆ పేజీని ఎవరూ చదవరు.

అమెరికా సైన్యానికి కళ్ల ముందరి దృశ్యం మీద మరో దృశ్యం పరిచే హెల్మెట్లు కావాలి. ఎటు కాల్చాలో, ఎవరు మనవాళ్లో, చీకట్లో ఎవరు నక్కారో అంతా అద్దం మీదే కనబడాలి, అచ్చం ఆటలో లాగా. ఆ కాంట్రాక్టు మొత్తం విలువ 2,190 కోట్ల డాలర్ల దాకా పోవచ్చన్నారు. మైక్రోసాఫ్ట్ చేసిచ్చిన వాటితో సిపాయిలకు తలనొప్పి, వికారం పట్టుకున్నాయని పరీక్షల్లో బయటపడింది. మాల్‌లో మూడో అంతస్తు ఎక్కడైనా ఒకటే. 2025 ఫిబ్రవరిలో ఆ పనిని ఆండురిల్ తన చేతుల్లోకి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. మేలో మెటా కూడా వచ్చి చెయ్యి కలిపింది, పాత యజమానీ పాత పనివాడూ మళ్లీ ఒక్కటయ్యారు. ఆటలో చస్తే నిజంగా చచ్చే హెడ్‌సెట్‌కు చివరికి సిసలైన కొనుగోలుదారుడు దొరికాడు. చందా ప్రభుత్వం కడుతుంది. బయటకొచ్చే బటన్ ఎలాగూ ఉండదు. గుళికలు కూడా అమర్చనక్కరలేదు, వాటిని అవతలివాడు వెంటబెట్టుకొస్తాడు.